సర్మోలీలో నిమ్మళంగా ఓ వారం: హిమాలయ రైతు ఇంట్లో హోమ్‌స్టేకి ప్లాన్ చేసుకోవడం ఎలా

ఉత్తరాఖండ్‌లో పిథోరాగఢ్ జిల్లా, ఆ జిల్లాలో మున్సియారీ, మున్సియారీ బజారు నుంచి నడిచి పోయేంత దూరంలో సర్మోలీ. సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కింద గోరీగంగ లోయ, అవతల వరసగా ఐదు పంచచూలి శిఖరాలు. వాటిలో ఎత్తైనది 6,904 మీటర్లు. పాండవులు స్వర్గారోహణకి ముందు ఆఖరిసారి వంట వండుకున్న పొయ్యిలు అవేనని అక్కడివాళ్ళు చెప్తారు. 2023లో కేంద్ర పర్యాటక శాఖ సర్మోలీని దేశంలో ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది, అప్పటి నుంచి మనవాళ్ళు కూడా "అక్కడికి ఎలా వెళ్ళాలి" అని అడగడం మొదలైంది.

వెళ్ళడం పెద్ద విషయం కాదు, ఓపిక ఉంటే చాలు. అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. ఇక్కడి హోమ్‌స్టేలు 2004లో ఊరి ఆడవాళ్ళు మొదలుపెట్టినవి, నడిపేదీ వాళ్ళే. మీకు గది ఇచ్చే ఆవిడ పొద్దున్నే పశువుల పని చూసి, పొలానికో అడవికో వెళ్ళి గడ్డి కోసుకొచ్చి, ఆ మధ్యలోనే మీకు టీ, రొట్టె అందిస్తుంది. మీరొచ్చారని ఆవిడ పని ఆగదు. కాబట్టి ఆ ఇంటి పనికి మీ ప్లాన్‌ని సర్దుకోవాలి, అంతే. నెల, మనుషులు, సామాను, ఫోన్‌లో అడిగే ప్రశ్నలు అన్నీ దాన్నిబట్టే వస్తాయి. హిమాచల్‌లోనో, ఉత్తరాఖండ్‌లోనే ఇంకో చోటో రైతు ఇంటికి వెళ్తున్నా కింద రాసినదాంట్లో చాలామటుకు పనికొస్తుంది. హిమాచల్‌లోని స్పితి లాంటి బాగా ఎత్తైన చోట్ల మాత్రం ఎత్తు గొడవ వేరు, అక్కడ ఊపిరికి, తలనొప్పికి అలవాటు పడటానికే మొదటి రెండు రోజులు పోతాయి. పెద్దవాళ్ళతో, పిల్లలతో మొదటిసారి వెళ్ళేవాళ్ళకి సర్మోలీ ఎత్తు సరిపోతుంది.

ఏ నెలలో వెళ్ళాలి

అందరూ అడిగేది "మంచు ఎప్పుడు పడుతుంది" అని. నేనైతే "రాజ్మా ఎప్పుడు కోస్తారు" అని అడగమంటాను.

సెప్టెంబర్ ఆఖరు నుంచి అక్టోబర్ అంతా కోతల కాలం. రాజ్మా, చోళ్ళు (రాగులు), తోటకూర జాతి చౌలాయీ గింజలు ఒకదాని వెనక ఒకటి ఇంటికొస్తాయి, చలికాలానికి పశువుల మేత కోసం వాలుల మీద గడ్డి కోసి ఎండబెట్టే పని కూడా అప్పుడే. వానలు వెళ్ళిపోయి ఉంటాయి కాబట్టి కొండలు స్పష్టంగా కనబడతాయి, పైగా మనకి దసరా సెలవులు. ఇబ్బంది ఏంటంటే ఇంట్లో పగలు ఎవరూ ఉండరు, మధ్యాహ్నం అన్నం కాస్త అటూ ఇటూ అవుతుంది. అది పట్టించుకోని వాళ్ళకి అక్టోబర్ చాలా బాగుంటుంది. పట్టించుకునేవాళ్ళు నవంబర్ మొదటి రెండు వారాలు పెట్టుకోండి, నా ఓటు కూడా దానికే: పంట ఇంటికొచ్చేసి ఉంటుంది, ఇంటివాళ్ళకి కూర్చుని మాట్లాడే తీరిక దొరుకుతుంది, ఆకాశం ఏడాది మొత్తంలో అంత శుభ్రంగా ఇంకెప్పుడూ ఉండదు. చలి మాత్రం గట్టిగా ఉంటుంది.

మార్చి, ఏప్రిల్‌లో బురాంశ్ (రోడోడెండ్రాన్) చెట్టు పూస్తుంది, అడవి అక్కడక్కడా ఎర్రగా మారుతుంది, ఆ పూలతో షర్బత్ చేస్తారు. ఆలుగడ్డలు నాటేది కూడా ఆ రోజుల్లోనే. మన వేసవి సెలవుల్లో, అంటే మే, జూన్‌లలో, గోధుమ, బార్లీ కోతలు ఉంటాయి, అడవిలో కాఫల్ పండ్లు దొరుకుతాయి, పిల్లలకి మంచి కాలక్షేపం. కానీ కింద చీడ్ (పైన్) చెట్ల అడవులు తగలబడే రోజులు కూడా అవే, ఆ పొగకి ఒక్కోసారి పంచచూలి వారం పాటు కనబడదు. కొండలు చూడటానికే వెళ్ళేవాళ్ళు మేలో వెళ్ళి నిరాశపడొద్దు. ఇంకోటి, ఢిల్లీ జనం మొత్తం నైనితాల్ మీద పడేది అప్పుడే. మనం వెళ్ళే దారి కైంచీ ధామ్ ముందు నుంచే పోతుంది. శని, ఆదివారాల్లో అక్కడ గంటలకొద్దీ ఇరుక్కుపోతారు, జూన్ 15న ఆశ్రమ స్థాపన దినం కాబట్టి ఆ చుట్టుపక్కల తేదీల్లో ఆ రోడ్డు పేరే ఎత్తకండి.

జూలై నుంచి సెప్టెంబర్ సగం దాకా వద్దు. పచ్చగా ఉంటుంది, రేటు తక్కువ ఉంటుంది, అన్నీ నిజమే. కొండచరియ విరిగిపడి రోడ్డు మూసుకుపోతే రెండు రోజులు ఎటూ కదలలేరు, జలగలు అదనం.

సంక్రాంతికి వెళ్తామని కొందరు అంటుంటారు. కుమావూఁలో, అంటే ఉత్తరాఖండ్‌లో మున్సియారీ ఉన్న ఈ వైపు, ఆ పండగని ఘుఘుతియా అంటారు, పిండితో చిన్న చిన్న ఆకారాలు చేసి, నూనెలో వేయించి, దండ కట్టి పిల్లల మెడలో వేస్తారు, పిల్లలు పొద్దున్నే కాకుల్ని పిలిచి వాటికి పెడతారు. అప్పుడే బాగేశ్వర్‌లో ఉత్తరాయణి తిరనాళ్ళు. 1921లో ఇదే పండగ రోజు సరయూ ఒడ్డున జనం కూలీ బేగార్ రిజిస్టర్లని నదిలో పడేశారు, బ్రిటిష్ అధికారుల సామాను జీతం లేకుండా మోసే వెట్టి అలా ఆగింది. చూడాలని ఉంటుంది, నిజమే. కానీ జనవరిలో మున్సియారీ దారిలో ఉన్న కాలామునీ కనుమ దగ్గర మంచు పడి రోడ్డు ఆగిపోవచ్చు, పైపుల్లో నీళ్ళు గడ్డకడతాయి. చలికి అలవాటు లేని పెద్దవాళ్ళు ఉంటే పెట్టుకోవద్దు.

ఇల్లు చూసుకోవడం

హోమ్‌స్టే అని బోర్డు పెట్టినవన్నీ హోమ్‌స్టేలు కావు. ఉత్తరాఖండ్ నిబంధనల ప్రకారం యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి, గదుల సంఖ్యకి కూడా పరిమితి ఉంటుంది. ఇరవై గదులు, రిసెప్షన్, మెనూ కార్డు ఉంటే అది లాడ్జి, పేరేదైనా పెట్టుకోనివ్వండి. ఫోన్ చేసినప్పుడు "వంట ఎవరు చేస్తారు, మీరు ఇంట్లోనే ఉంటారా" అని అడిగితే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

సర్మోలీలో ఈ ఇళ్ళ బుకింగ్ హిమాలయన్ ఆర్క్ అనే సంస్థ ద్వారా జరుగుతుంది. దీని వెనక మాటీ సంగఠన్ అనే మహిళల సంఘం ఉంది, ఇంట్లో హింసకీ సారాకీ వ్యతిరేకంగా కొట్లాడిన ఆడవాళ్ళది. మల్లికా విర్దీ వీళ్ళతో కలిసి పనిచేసిన మనిషి, సర్మోలీ వన పంచాయతీకి (ఊరి అడవిని చూసుకునే పంచాయతీ) సర్పంచ్‌గా కూడా ఉన్నారు. దూబగుంట పోరాటం తెలిసిన మనకి ఇది ఎక్కువ వివరించక్కర్లేదు. అందుకే మందు సీసాలు బ్యాగులో పెట్టుకుని ఆ ఇళ్ళకి వెళ్ళొద్దు. వాళ్ళు మొహం మీద ఏమీ అనకపోవచ్చు, అయినా వద్దు.

ఫోన్‌లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, సిగ్గుపడకుండా అడగండి. మరుగుదొడ్డి గదికి ఆనుకునే ఉందా, బయట ఉందా, పాశ్చాత్య పద్ధతా మన పద్ధతా (మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఇదే మొదటి ప్రశ్న). రోడ్డు నుంచి ఇంటికి ఎన్ని మెట్లు, ఎంత ఎత్తు. "బస్ పాంచ్ మినిట్" అని చెప్తారు, కొండమనిషి అయిదు నిమిషాలు మనకి ఇరవై, గుర్తుపెట్టుకోండి. వేడినీళ్ళు గీజరా, పొయ్యి మీదా. ఆ వారంలో ఇంట్లో పెళ్ళి, కర్మ, పూజ లాంటివి ఏమైనా ఉన్నాయా. వేరే అతిథులు ఉంటారా. ఆవు పాలిస్తోందా అని కూడా అడగొచ్చు, నవ్వుతారు గానీ పెరుగు లేకుండా ముద్ద దిగని మనవాళ్ళకి అది అవసరమైన సమాచారమే.

మీ వైపు నుంచి చెప్పాల్సినవి: మాంసం తింటారా లేదా, ఉల్లి వెల్లుల్లి సంగతి, పిల్లల వయసు, ఎవరికైనా ఆస్తమా లాంటివి ఉన్నాయా, ఏ పూట చేరతారు. అమెరికా పాస్‌పోర్ట్ ఉన్న మన పిల్లలు, వాళ్ళ పిల్లలు వస్తుంటే ఆ మాట ముందే చెప్పండి, విదేశీ అతిథి వివరాలు ఇంటివాళ్ళు అధికారులకి పంపించాలి. పాస్‌పోర్ట్, ఓసీఐ కాపీలు చేతిలో పెట్టుకోండి.

ఫోన్ పొద్దున పూట చేయొద్దు, ఎత్తరు. చీకటి పడ్డాక చేయండి, లేదా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి, నెట్‌వర్క్ వచ్చినప్పుడు వింటారు. మీ హిందీ గురించి టెన్షన్ అక్కర్లేదు, వాళ్ళకీ హిందీ బడిలో నేర్చుకున్న భాషే, ఇంట్లో మాట్లాడేది వేరు. హైదరాబాదీలు మాత్రం "నక్కో", "హౌ" కాస్త తగ్గించాలి, అక్కడ అవి చెల్లవు.

ఎంతమంది అంటే, ఇద్దరి నుంచి నలుగురు. ఆరుగురు దాటితే రెండు ఇళ్ళు తీసుకోండి. పది, పన్నెండు మంది ఫ్రెండ్స్ బ్యాచ్‌కి ఇది సరైన చోటు కాదు. మీకు సరదాగానే ఉంటుంది గానీ పొద్దున నాలుగింటికి లేచే ఇంటివాళ్ళకి రాత్రి పదకొండు దాకా మీ అంత్యాక్షరి వినే ఓపిక ఉండదు. ఎన్ని రోజులంటే, తక్కువలో తక్కువ నాలుగు రాత్రులు. రెండు రాత్రులకి వెళ్తే రోడ్డు మీద గడిపిన సమయమే ఎక్కువవుతుంది.

దారి

ఢిల్లీ దాకా మీకు తెలిసిందే, హైదరాబాద్ నుంచి తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి ఏపీ ఎక్స్‌ప్రెస్, లేదా విమానం. పాత ఢిల్లీ స్టేషన్లో రాత్రి రాణీఖేత్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాఠ్‌గోదామ్. ఆ బెర్తులు తొందరగా అయిపోతాయి, ఇంటి బుకింగ్ కంటే ముందు అవి తీసుకోండి. దొరక్కపోతే ఆనంద్ విహార్ నుంచి హల్ద్వానీకి రాత్రి బస్సులుంటాయి.

కాఠ్‌గోదామ్ నుంచి మున్సియారీ, దారిని బట్టి, 275 నుంచి 300 కిలోమీటర్లు. మ్యాప్ చూసి "ఆరు గంటలు చాలు" అనుకోవద్దు. పది, పన్నెండు గంటలు పడుతుంది, అదీ రోడ్డు బాగుంటే. భవాలీ, కైంచీ, అల్మోరా, తర్వాత బేరీనాగ్ వైపు నుంచో బాగేశ్వర్ వైపు నుంచో థల్, అక్కడ నుంచి బిర్థీ జలపాతం, చివర్లో దాదాపు 9,000 అడుగుల ఎత్తున్న కాలామునీ. ఆ గుడి దగ్గర బండి ఆగుతుంది, డ్రైవర్ దిగి గంట కొట్టి వస్తాడు, అక్కడ నుంచి దిగుడే.

షేర్ జీపులు హల్ద్వానీలో తెల్లవారుజామునే బయల్దేరతాయి. ట్రైన్ లేటయితే అవి వెళ్ళిపోతాయి. చివరి సీటు ఇస్తే ఒప్పుకోకండి. వాంతులు అలవాటు లేనివాళ్ళకి కూడా ఆ మలుపుల్లో, ఆ చివరి సీట్లో, కడుపు తిప్పేస్తుంది. ముందు సీటుకి ఇంకొంచెం ఎక్కువ ఇచ్చి అయినా తీసుకోండి. ప్రయాణానికి పడే మాత్ర ఏది వేసుకోవాలో మీ డాక్టర్‌ని అడిగి, బండి ఎక్కడానికి అరగంట ముందే వేసుకోండి. వాంతి వచ్చాక వేసుకుంటే అది కూడా బయటికే వస్తుంది. దారిలో ఛోలే పూరీ, పరాఠాలు నూనె కారుతూ పిలుస్తుంటాయి, వద్దు. అరటిపండు, బిస్కెట్లు, నిమ్మకాయ నీళ్ళు చాలు.

పిల్లలు, పెద్దవాళ్ళు ఉంటే దీన్ని రెండు ముక్కలు చేయండి. మొదటి రాత్రి అల్మోరాలోనో చౌకోరీలోనో ఆగండి. అల్మోరాలో ఆగితే ఇంటివాళ్ళ పిల్లలకి బాల్ మిఠాయి ఒక పెట్టె కొనండి, వట్టి చేతులతో వెళ్ళడం ఏం బాగుంటుంది. మనూరి నుంచి తీసుకెళ్తే బందరు లడ్డు, అరిసెలు ఆ దారిని తట్టుకుంటాయి. పూతరేకులు పొడైపోతాయి, ప్రయత్నించొద్దు. చీకటి పడ్డాక కొండ రోడ్డు మీద ఉండకుండా లెక్క వేసుకోండి, డ్రైవర్ "కోయీ బాత్ నహీఁ" అన్నా సరే.

ఇంట్లో

గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. వంటింటి విషయం మాత్రం అడిగి వెళ్ళండి. కొన్ని ఇళ్ళలో రమ్మని పొయ్యి పక్కనే కూర్చోబెడతారు, కొన్ని ఇళ్ళలో వంటిల్లు వాళ్ళదే. ఇంటావిడని దీదీ అనండి, ఆయన్ని దాజ్యూ అంటే సంతోషిస్తారు, ముసలావిడ ఉంటే ఆమా. మేడమ్, అంకుల్ అక్కర్లేదు.

నీళ్ళు ఊట నుంచో పైపు నుంచో వస్తాయి, ఎప్పుడూ ఒకేలా రావు. మనిషికి ఒక బకెట్ వేడినీళ్ళు, మధ్యాహ్నం ఎండలో స్నానం. పొద్దున ఆరింటికే స్నానం చేసి పూజ చేసుకోవాలనే పట్టుదల ఉంటే ఆ నీళ్ళు కాచడానికి ఎవరో ఐదింటికే పొయ్యి వెలిగించాలి, ఆ కట్టెలు ఎవరో మోసుకొచ్చి ఉంటారు. కట్టెలు వచ్చేది వన పంచాయతీ అడవి నుంచి. 1931 నుంచి ఉన్న ఏర్పాటు ఇది, ఊరి అడవిని ఊరే చూసుకుంటుంది, ఎవరు ఎప్పుడు గడ్డి కోయాలి, ఎంత కట్టె తెచ్చుకోవాలి అని లెక్కలుంటాయి. కాబట్టి అడవిలో కనబడ్డ పువ్వో, మొక్కో, పుట్టగొడుగో పీకి తెచ్చుకోవడం కుదరదు. "క్యాంప్ ఫైర్ వేస్తారా" అని కూడా అడక్కండి. చలేస్తే రజాయి ఇంకోటి అడగండి, తప్పకుండా ఇస్తారు.

ఇక తిండి. ఇది కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మనవాళ్ళు "అక్కడ రోజూ రోటీ, ఆలూయేనా" అని భయపడి బ్యాగు నిండా ఎంటీఆర్ ప్యాకెట్లు మోస్తారు. అక్కర్లేదు. మడువా అంటే మన రాగులే, చోళ్ళు అనండి, తైదలు అనండి. గహత్ అంటే ఉలవలు. ఝంగోరా అంటే ఊదలు. అన్నం కూడా వండుతారు. ఉలవల పప్పు అన్నంలో కలుపుకుంటే గోదావరి జిల్లాల వాళ్ళకి ఉలవచారు గుర్తొస్తుంది, ఇక్కడ మాత్రం అంత చిక్కగా మరిగించరు, పలచగా ఉంటుంది. దోసకాయ రాయితాలో ఆవాలు నూరి కలుపుతారు, ముక్కుకి ఘాటు తగిలేలా, అచ్చం మన ఆవ పెట్టిన పెరుగు పచ్చడి దారిలోనే. భట్ అనే నల్ల సోయా గింజలతో ఇనప కడాయిలో చుడ్కానీ చేస్తారు, నల్లగా ఉంటుంది, చూసి వెనక్కి తగ్గొద్దు. పోపులో జంబూ వేస్తారు, ఎండిన కొండ ఉల్లి జాతి ఆకు. ఇంగువ, వెల్లుల్లి రెండూ కలిసినట్టు వాసన. భాంగ్ చట్నీ అంటే కంగారు పడకండి, అవి వేయించిన గింజలు మాత్రమే, మత్తు రాదు.

అన్నిటికంటే నాకు నచ్చేది పిస్యూ లూణ్. దీదీ రాతి సన్నికల్లు మీద గల్లుప్పు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర వేసి నూరుతుంది. ముందు ఉప్పు గరగరలాడుతుంది, తర్వాత మిర్చి తడికి ముద్దవుతుంది, రాతి అంచుకి పచ్చగా చేరినదాన్ని చేత్తో మధ్యలోకి లాగి మళ్ళీ నూరుతుంది. వేడి మడువా రొట్టె మీద నెయ్యి, దాని పక్కన ఇది. రోటి పచ్చడి తిని పెరిగినవాళ్ళకి ఇంకేం చెప్పాలి.

ఆవకాయ తీసుకెళ్ళాలా? చిన్న సీసా తీసుకెళ్ళండి, మీకోసం కాకుండా ఇంటివాళ్ళకి రుచి చూపించడానికి. వాళ్ళు వండింది పక్కన పెట్టి మీ డబ్బా తీసి తినడం మాత్రం ఏ ఊళ్ళోనూ బాగోదు. ఎంత తింటారో ముందే చెప్పండి, మీకు మొహమాటపడి ఎక్కువ వండితే మిగిలింది గేదెకి పోతుంది.

పగలంతా ఏం చేయాలి

ఏమీ చేయక్కర్లేదు, అందుకే కదా వెళ్ళింది. కానీ మనకి ఊరికే కూర్చోవడం రాదు, కాబట్టి కొన్ని చెప్తాను.

పనిలో సాయం చేస్తామని చాలామంది ఉత్సాహపడతారు. కొడవలి పట్టుకుని వాలు మీదకి దిగొద్దు. ఆ గడ్డి వాలుల మీద వాళ్ళు చిన్నప్పటి నుంచి నడిచినవాళ్ళు, మీరు జారితే మిమ్మల్ని మోసేది కూడా వాళ్ళే. కూర్చుని చేసే పనులు చేయండి. అక్టోబర్‌లో రాజ్మా ఎండిన కాయల్ని ముంగిట్లో పరిచి కర్రతో కొడతారు, తొక్కలు విరిగి గింజలు కింద రాళ్ళ సందుల్లోకి దొర్లుతాయి, తర్వాత చేటలో చెరుగుతారు. తెల్లవి, ఎర్రవి, చారల గింజలు, పుచ్చులు విడివిడిగా ఏరడం అతిథి చేయదగ్గ పని. ఆ పని చేస్తూ కూర్చుంటే వచ్చే కబుర్లు ఏ గైడూ చెప్పడు. వద్దంటే లేవండి, వాళ్ళ పని వేగాన్ని మీ సరదా తగ్గిస్తుంటే మొహమాటానికి చెప్పరు, మీరే గమనించుకోవాలి.

నడవాలనుకుంటే పొద్దున అడవిలోకి మేసర్ కుండ్ దాకా చాలు, అది చిన్న చెరువు, పక్షులు బాగా కనబడతాయి. పక్షుల మీద ఇష్టం ఉంటే ఊళ్ళోనే గైడ్‌లున్నారు, డబ్బిచ్చి తీసుకెళ్ళండి, ఒంటరిగా తిరిగితే మీకు కనబడేవి కాకులే. ఖలియా టాప్ సుమారు 3,500 మీటర్లు, ఒక రోజు పని. దాన్ని చేరిన మరుసటి రోజే పెట్టుకోకుండా మూడో రోజుకి పెట్టుకోండి, తలనొప్పి, వికారం మొదలైతే శిఖరం చూడకుండానే దిగిపోండి. మిలాం లోయ వైపు లోపలికి పోవాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతంలోకి వెళ్ళడానికి అనుమతి) కావాలి, అది వేరే ట్రిప్పు, దీంట్లో కలపొద్దు.

వాన పడితే మున్సియారీలో ఒక చిన్న మ్యూజియం ఉంది, షేర్ సింగ్ పాంగ్తీ అనే టీచరు రిటైరయ్యాక కూర్చినది. ఇక్కడి శౌకా జనం గొర్రెల మీద, మేకల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని కొండ దాటి టిబెట్‌తో వ్యాపారం చేసేవాళ్ళు, 1962 యుద్ధంతో అది ఆగిపోయింది. ఆ సంచులు, పాత్రలు, ఉన్ని బట్టలు అక్కడ చూస్తే, సాయంత్రం ఆమాతో మాట్లాడటానికి మీ దగ్గర ప్రశ్నలుంటాయి. నైన్ సింగ్ రావత్ కూడా ఈ జోహార్ లోయ (మిలాం ఉన్న లోయ) మనిషే, మిలాంలో పుట్టాడు. 108 పూసలకి బదులు వంద పూసల జపమాల పట్టుకుని, వంద అడుగులకో పూస జరుపుతూ, బ్రిటిష్ సర్వే కోసం రహస్యంగా టిబెట్‌లోని లాసా దాకా నడిచి కొలిచాడు. 1866లో లాసా చేరాడు. అంత సినిమా కథ మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

చీకటి పడ్డాక బయట తిరగొద్దు. చిరుతలు, ఎలుగుబంట్లు పొలాల్లోకి వస్తాయి, ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. దారి పక్కన సిసూణ్ అనే ఆకు ఉంటుంది, తగిలితే మంట పుట్టి కొన్ని గంటలు వదలదు, పిల్లలకి మొదటి రోజే చూపించండి (అదే ఆకుని వండుతారు కూడా, అప్పుడు కుట్టదు). ఫోటోలు అడిగి తీయండి, గడ్డి మోపు మోసుకొస్తున్న ఆవిడని ఆపి పోజు పెట్టమనొద్దు. డ్రోన్ ఇంట్లోనే వదిలేసి రండి.

సామాను, డబ్బు

స్వెట్టర్ ఒకటే లావుది కాకుండా పలచటివి రెండు మూడు పొరలుగా, పైన గాలి ఆపే జాకెట్. గ్రిప్ ఉన్న బూట్లు, కొత్తవి వద్దు. టార్చి, పవర్ బ్యాంక్, కరెంటు పోతుంటుంది. మీ మందులు మొత్తం రోజులకీ సరిపడా, ఇంకో నాలుగు రోజులకి ఎక్కువ. చక్రాల సూట్‌కేసు కాకుండా వీపు బ్యాగు, ఆ మెట్ల మీద చక్రాలు తిరగవు. చిప్స్ ప్యాకెట్లు, ప్లాస్టిక్ సీసాలు, డైపర్లు తీసుకెళ్తే వాటి చెత్త తిరిగి కిందకి మీరే తెచ్చుకోవాలి, అక్కడ చెత్త బండి వచ్చి తీసుకెళ్ళదు.

డబ్బు హల్ద్వానీలోనే తీసుకోండి. మున్సియారీలో ఏటీఎం ఉంది గానీ అందులో నోట్లు ఉంటాయన్న గ్యారంటీ లేదు, యూపీఐ నెట్‌వర్క్ ఉన్నప్పుడే. రేటు మామూలుగా మనిషికి, రోజుకి, భోజనంతో కలిపి చెప్తారు, ఏ పూటలు కలిపారో అడిగి తెలుసుకోండి, బేరం ఆడొద్దు. ఆ డబ్బులో కొంత ఊరి అడవి ఖర్చుకి కూడా పోతుంది. వెళ్ళేటప్పుడు పిల్లల చేతిలో నోట్లు పెట్టడం మన అలవాటు, అక్కడ దీదీ చేతికే ఇవ్వండి, రేపు వచ్చే అతిథి దగ్గర ఆ పిల్లలు చేయి చాచకూడదు.

కొనాలనుకుంటే రాజ్మా కొనండి, ఇంట్లోనే. మున్సియారీ రాజ్మాకి జీఐ గుర్తింపు (ఆ ప్రాంతపు సరుకని ఇచ్చే ముద్ర) ఉంది, తొక్క పలచన, తొందరగా ఉడుకుతుంది. ఆడవాళ్ళు నేసిన ఉన్ని శాలువాలు, చిన్న తివాచీలు కూడా దొరుకుతాయి, అవి చవకగా ఉండవు, ఉండాల్సిన అవసరం కూడా లేదు.

తిరుగు ప్రయాణం ఇంకో తలనొప్పి. జీపులు ఇంకా చీకటి ఉండగానే బయల్దేరతాయి, సీటు ముందు రోజు మధ్యాహ్నానికే బజారుకి వెళ్ళి చెప్పి రావాలి, లేదా దీదీకి చెప్తే ఆవిడే ఫోన్ చేసి ముందు సీటు ఆపిస్తుంది. పొద్దున ఎన్నింటికి లేవాలో ఆవిడకి ముందు రాత్రే చెప్పండి, మీరు చెప్పకపోయినా రొట్టెలు కట్టి ఇస్తుంది, కాకపోతే ఆ పని కోసం ఇంకా ముందు లేవాల్సి వస్తుంది. అదే రోజు రాత్రి కాఠ్‌గోదామ్‌లో రైలు, మర్నాడు పొద్దున ఢిల్లీలో ఫ్లైట్ అని అతుకుబొతుకుగా బుక్ చేసుకోవద్దు, మధ్యలో ఒక రోజు ఖాళీ ఉంచండి. రోడ్డు తెరిచే ఉంటే ఆ రోజు అల్మోరా బజార్లో తిరగండి.